పందొమ్మిది సీజన్ల మొదటి ఉదయం

నవంబరు మధ్యలో ఒక శుక్రవారం, మధ్యాహ్నం 12.40కి షాంటిలీలో మా ఇంటి ముందు నుంచి బయల్దేరాం. ఎప్పటిలాగే కారు ఎన్ని మైళ్ళు తిరిగిందో చూసి డైరీలో రాసుకున్నాను. వెనక భాగంలో మూత బిగించిన రెండు ప్లాస్టిక్ డబ్బాల్లో వేట బట్టలు, తాళం వేసిన పెట్టెలో రెండు రైఫిళ్ళు, రెండు ఖాళీ ఐసుపెట్టెలు, నా భార్య సరళ కట్టి ఇచ్చిన పులిహోర ఉన్నాయి. డ్రైవరు సీట్లో మేఘన.

మేఘన మా వీధి చివరింటి వాళ్ళమ్మాయి. ఇక్కడే పుట్టి పెరిగింది. ఇరవై ఆరేళ్ళు. ఆదివారం రాత్రి 8.10 విమానంలో దేశం అటు కొసనున్న రెడ్‌మండ్ వెళ్ళి సోమవారం కొత్త ఉద్యోగంలో చేరాలి. అంటే అడవిలో మాకున్నది శనివారం మొత్తం, ఆదివారం ఉదయం పది వరకు.

ఈ ప్రయాణానికి మూలం నిరుడు వాళ్ళింట్లో తిన్న మటన్ కూర. అందరం తింటూ ఉండగా ఈ పిల్ల చెయ్యి ఆపి, "అంకుల్, మీరు మీ మీట్ మీరే తెచ్చుకుంటారు కదా. నేను ఎప్పుడూ ప్యాకెట్‌లోనే చూశాను. ఐ ఫీల్ లైక్ ఎ చీటర్," అంది. తర్వాత మరో మాట కూడా అంది. ఒక్కసారైనా తన చేత్తో తెచ్చుకుని తినగలగాలి, అది చేతకాకపోతే మాంసం మానేస్తుందట. వాళ్ళమ్మ నవ్వి, "మీ నాన్న చేసే ఫ్రై ముందు పెడితే ఎన్ని రోజులు మానేస్తావో చూస్తాం లే," అంది. కానీ మేఘన మర్నాడే వేటగాళ్ళ శిక్షణ కోర్సులో పేరు ఇచ్చింది. పద్నాలుగు నెలల పాటు శనివారాలు నాతో గురి నేర్చుకునే రేంజికి వచ్చింది. ఈ సీజను దాటితే మళ్ళీ కుదిరేది ఎప్పుడో తెలియదు.

ఇక నా సంగతి. రిటైరవక ముందు రోడ్ల శాఖలో మట్టి పరీక్షలు చేసేవాణ్ణి. మా పెరట్లో గోంగూర మడి, దొండపాదు జింకలు నున్నగా మేసి పోయాయని ఆఫీసులో రోజూ వాపోతుంటే నా తోటి ఉద్యోగి వాల్టర్, "ఊరికే ఏడవకు, మా పొలానికి రా," అన్నాడు. అలా మొదలైంది. పందొమ్మిది సీజన్లు, సీజనుకొక పల్చటి నోటుపుస్తకం. ఏ రోజు ఎన్నింటికి కూర్చున్నాం, గాలి ఎటు వీచింది, జింక ఎటు నుంచి వచ్చింది, ఎందుకు పోయింది అన్నీ ఉంటాయి. ఆ పందొమ్మిది పుస్తకాలూ చదువుకోమని మేఘనకు రెండు నెలల క్రితమే ఇచ్చాను. వాటిని సంచిలో తెచ్చి వెనక సీట్లో పెట్టుకుంది.

అరవై ఆరో నంబరు రోడ్డు మీద పడమరకు వెళ్ళి, స్ట్రాస్‌బర్గ్ దగ్గర ఎనభై ఒకటి మీదకు తిరిగి దక్షిణానికి సాగాం. 2.20కి రోడ్డు పక్క విశ్రాంతి స్థలంలో ఆగి పులిహోర తిన్నాం. సరళ చేతి పులిహోరలో ఇంగువ కాస్త ఎక్కువే పడుతుంది, దాని రుచీ అందులోనే ఉంది. వేటకు ముందు శుక్రవారం పులిహోర మాకు మొదటి ఏడాది నుంచీ ఆనవాయితీ. తిన్నాక ఇద్దరం వాసన లేని సబ్బుతో చేతులు కడుక్కున్నాం. ఇలాంటి విషయాల్లో నేను పట్టుదల మనిషిని.

3.25కి స్టాంటన్ ఊరి చివర పెట్రోలు కోసం ఆగాం. దుకాణం నిండా నారింజరంగు టోపీలే. మర్నాడే సీజను మొదలు. కాఫీకి డబ్బులు తీసుకుంటూ కౌంటరు దగ్గరి పెద్దావిడ మేఘన వంక చూసి, "మొదటిసారా తల్లీ?" అని ఇంగ్లీషులో అడిగింది.

"ఎలా తెలిసింది?"

"నీ టోపీకి ధర చీటీ ఇంకా వేలాడుతోంది."

వెనక వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఒక గడ్డం మనిషి జేబుకత్తి తీసి చీటీని మర్యాదగా కోసి చేతికిచ్చాడు. "ఇది దాచుకో, అదృష్టం," అన్నాడు. మేఘన దాన్ని నిజంగానే పర్సులో పెట్టుకుంది.

అక్కడి నుంచి పడమర కొండల్లోకి మెలికల రోడ్డు. 4.35కి పొలం చేరాం. వాల్టర్ పోయి ఆరేళ్ళయింది. ఆయన భార్య లొరెట్టా అక్కడే ఉంటూ పన్నెండు ఆవుల్ని చూసుకుంటోంది. డెబ్భై ఎనిమిదేళ్ళు. నన్ను 'ప్రాబ్' అంటుంది. ప్రభాకరం అనే పేరు వాల్టర్ నోట్లో అంతకు మించి పట్టలేదు, ఆవిడకూ అదే అలవాటైంది. చూస్తూనే కౌగలించుకుని, ఏటా చేసినట్టే గట్టిగా గాలి పీల్చి, "వచ్చావా, నవంబరు వచ్చినట్టే," అంది. ఆ గాలి పీల్చడం సంగతి అప్పుడు నేను పట్టించుకోలేదు.

శనివారం 4.30కి లేచి, వేట బట్టల డబ్బాలు వసారాలోనే తెరిచి, అక్కడే చలిలో వేసుకున్నాం. దీన్ని వెళ్ళాలనుకునేవారి కోసం వివరంగా రాస్తున్నాను. జింకకు కళ్ళకన్నా చెవులు, చెవులకన్నా ముక్కు గొప్పవి. వేట బట్టల్ని వాసన లేని సబ్బుతో ఉతికి, బయట ఆరబెట్టి, ఎండుటాకులతో పాటు డబ్బాలో పెట్టి మూత బిగించాలి. ఇంట్లో వేసుకోకూడదు, కారులో వేసుకోకూడదు. నేను చెప్పినట్టే మేఘన వారం రోజులుగా షాంపూ కూడా మానేసింది.

5.20కి ఇల్లు దాటాం. వాగు దగ్గర రాళ్ళు జారుడుగా ఉన్నాయి. ఒడ్డున ఉన్న లేత మేపుల్ మొక్కను గ్లవ్స్ వేసుకున్న చేత్తో పట్టుకుని దాటాను. ఏటా అక్కడే ఇలాంటి ఏదో ఒక మొక్కను పట్టుకుని దాటుతాను. 5.50కి మంచె ఎక్కాం. వాల్టర్ ఓక్ చెట్టుకు కట్టిన ఇద్దరు కూర్చునే మంచె అది. ముందు నడుముకు పట్టీ బిగించుకోవాలి, తర్వాత గుళ్ళు లేని తుపాకిని తాడుతో పైకి లాగాలి. తుపాకి చేత్తో పట్టుకుని నిచ్చెన ఎక్కేవాడితో నేను అడవికి వెళ్ళను.

గాలి చూడడానికి నా దగ్గర ఒక చిన్న సీసా ఉంది. ఇక్కడి పొలం గట్ల మీద ఒక మొక్క కాయలోంచి మన జిల్లేడు దూది లాంటిదే ఎగురుతుంది. దాన్ని సీసాలో నింపుకుంటాను. ఒక్క పోగు వదిలితే అది ఎటు పోతే గాలి అటు. ఆ ఉదయం నిక్షేపంగా మా ముఖాల మీదికే వస్తోంది. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి చట్టం ఒప్పుకుంటుంది. 6.30కి తుపాకిలో గుళ్ళు వేసుకోమని సైగ చేశాను.

7.25కి వాగు వైపు ఆకులు చప్పుడయ్యాయి. నేను కొండవాలు వైపు చూస్తున్నాను, మేఘన వాగు వైపు. తిరిగేలోపే ముక్కుతో ఫుస్సుమని ఊదిన శబ్దం, నేల మీద కాలి దెబ్బ, తెల్లటి తోక జెండాలా లేచి పొదల్లో మాయం. జింక అలా ఊదిందంటే చుట్టుపక్కల జింకలన్నిటికీ కబురు పోయినట్టే.

"గాలి మారింది," అన్నాను.

"మారలేదు అంకుల్. కాటన్ చూడండి," అంది మేఘన మెల్లగా.

నిజమే, దూది మా వైపే వస్తోంది. "అయితే నీ షాంపూ."

"వారం నుంచి లేదు! నా హెయిర్ చూడండి, కొబ్బరి పీచులా ఉంది. అయినా అది నా దగ్గరికే రాలేదు. మీరు పట్టుకున్న చిన్న ట్రీ ఉంది కదా వాగు దగ్గర, దాని దగ్గర ఆగి స్మెల్ చేసింది. టూ టైమ్స్. అప్పుడు ఊదింది."

నేను ఒప్పుకోలేదు. కొత్తవాళ్ళకు అలా అనిపిస్తుందని, కొండ లోయల్లో గాలి సుళ్ళు తిరుగుతుందని పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. మంచె మీద మాట్లాడకూడదన్న నా నియమాన్ని నేనే తప్పాను. పది గంటల దాకా కూర్చున్నా ఉడుతలు తప్ప ఏమీ రాలేదు.

11.30కి లొరెట్టా వంటింట్లో బల్ల దగ్గర చిక్కుడుగింజల సూపు, మొక్కజొన్న రొట్టె. కట్టెల పొయ్యి మండుతోంది. మేఘన సంచి తెరిచి నా నోటుపుస్తకాలు బల్ల మీద పేర్చింది. పసుపు రంగు చీటీలు అంటించి ఉన్నాయి.

"అంకుల్, కోపం వద్దు. నేను ఇవన్నీ రెండుసార్లు చదివాను. ఫస్ట్ డే మార్నింగ్ మీకు ఎప్పుడూ డియర్ దొరకలేదు."

"ఎప్పుడూ అంటే?"

"ఎప్పుడూ అంటే ఎప్పుడూ. నైన్‌టీన్ అవుట్ ఆఫ్ నైన్‌టీన్. ప్రతిసారీ రాసింది ఇదే." వేలు పెట్టి చదివింది. తెలుగు చదవడం ఆదివారం బళ్ళో నేర్చుకుంది, కూడబలుక్కుంటూనే చదువుతుంది. "'గా-లి మా-రిం-ది. జింక ఊ-దిం-ది.' మళ్ళీ ఇక్కడ, 'గాలి మారింది.' ఇక్కడ, 'గాలి, ఛీ.'"

"ఛీ అని రాశానా?"

"అండర్‌లైన్ కూడా చేశారు. కానీ సెకండ్ డే ఓకే. థర్డ్ డే ఓకే. ఫస్ట్ మార్నింగ్ మాత్రం... గాలికి క్యాలెండర్ ఉంటుందా అంకుల్?"

ముప్పై ఏళ్ళు మట్టి పరీక్షలు చేసిన మనిషిని. ఒకే లెక్క పందొమ్మిదిసార్లు ఒకేలా వస్తే అది గాలివాటం కాదని నాకు తెలియాలి.

లొరెట్టా ఇదంతా ఏమిటని అడిగింది. మేఘన ఇంగ్లీషులో చెప్పింది, మేపుల్ మొక్క సంగతితో సహా. ఆవిడ లేచి, పొయ్యి వెనక తీగ మీద ఆరుతున్న నా ఉన్ని గ్లవ్స్ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. సరళ అల్లినవి, చాలా వెచ్చగా ఉంటాయి.

"ఇదే!" అంది. "ప్రాబ్, నువ్వు ఏటా ఈ వాసనతోనే వస్తావు. పొయ్యి దగ్గర ఒక రాత్రి ఉంటే పొగ పట్టి పోతుంది. మొదట్లో అదేదో మీ తలనూనె అనుకున్నాను."

మేఘన గ్లవ్స్ లాక్కుని వాసన చూసి కుర్చీలోంచి దాదాపు కింద పడింది. "అంకుల్! పులిహోర!"

సరళకు ఫోన్ చేశాను. కొండల్లో సెల్లు అందదు, లొరెట్టా ఇంటి ఫోన్ నుంచి.

"నా ఉన్ని గ్లవ్స్ ఉతికి ఎక్కడ ఆరేస్తావు?"

"బాగున్నారా లేదా అని అడక్కుండా గ్లవ్స్ గురించా? గురువారం ఉతికి స్టవ్ పక్క మేకుకి తగిలిస్తానండీ. ఉన్ని కదా, బయట చలికి ఆరిచావవు. శుక్రవారం పొద్దున వెచ్చగా తీసి మీ డబ్బాలో పైన పడేస్తాను. ఏమైంది?"

"శుక్రవారం పొద్దున పులిహోర పోపు కూడా ఆ స్టవ్ మీదేగా?"

అవతల సరళ ఎంత గట్టిగా నవ్విందంటే, లొరెట్టాకు కూడా వినబడింది. "జింకలకి ఇన్నేళ్ళూ ఇంగువ పోపు వాసన చూపించారన్నమాట!"

"నువ్వు చూపించావు."

"ఆహా! తగుదునమ్మా అని అడవికి మోసుకెళ్ళింది ఎవరో!"

ఫోన్ పెట్టి లొరెట్టాను అడిగాను, ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని. "ఇంటికొచ్చిన మనిషిని నీ దగ్గర వాసన వస్తోందని ఎలా అంటాం? వాల్టర్‌కూ తెలుసు. 'వాడి భార్య కష్టపడి అల్లింది, ఊరుకో' అన్నాడు." గ్లవ్స్ మళ్ళీ అందుకుని, "పైగా మాకు ఆ వాసన ఇష్టం," అంది.

మంచె మీద నా పక్కన కూర్చుని, మొదటి ఉదయం వేట ఏటా పాడవుతోందని తెలిసి కూడా, వాల్టర్ నాతో పాటు గాలినే తిట్టేవాడు.

మధ్యాహ్నం 2.45 నుంచి మళ్ళీ కూర్చున్నాం. 5.05కి, వెలుతురు తగ్గుతున్నప్పుడు, కొమ్ములున్న మగజింక ఒకటి ఎనభై అడుగుల దూరంలో ఆగింది. మేఘన తుపాకి ఎత్తింది. దాని రొమ్ముకు అడ్డంగా పొద కొమ్మలు. నా చెవికి ఆమె ఊపిరి వినిపిస్తోంది. తుపాకి దించేసింది. జింక నెమ్మదిగా వెళ్ళిపోయింది. చీకటి పడ్డాక నిచ్చెన దిగి, "సారీ అంకుల్, క్లియర్‌గా లేదు," అంది. మిగిలింది రేపటి మూడు గంటలే.

"సారీ ఎందుకు? నాకు ఆ బుద్ధి రావడానికి నాలుగేళ్ళు పట్టింది," అన్నాను. నిజమే చెప్పాను. అడ్డమున్నప్పుడు పేల్చినవాడు గాయపడిన జింకను వెతుక్కుంటూ రోజంతా తిరుగుతాడు. నా నాలుగో పుస్తకంలో అలాంటి రోజు ఒకటి ఉంది, మేఘన అది చదివింది.

ఆదివారం బయల్దేరేముందు మేఘన అడిగింది. "అంకుల్, ఈ రోజు నేను ఒక్కదాన్నే కూర్చోవచ్చా? మీరుంటే నేను మీ ఫేస్ చూస్తున్నాను. జింకని కాదు."

ఒప్పుకున్నాను. లొరెట్టా కొట్టంలోంచి వాల్టర్ పాత తోలు గ్లవ్స్ తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ఎండుగడ్డి, ఆవుల వాసన. అక్కడి జింకలు పుట్టినప్పటి నుంచి ఎరిగిన వాసన అది. అయినా వాగు దగ్గర మేపుల్ మొక్కను ముట్టలేదు. కర్ర పట్టుకుని దాటాను, ఒక బూటు తడిసింది. మేఘన నడుముకు పట్టీ బిగించుకుని మంచె ఎక్కేదాకా చూసి, ఆమె గురి చూసే దిక్కుకు వెనక, రెండు వందల అడుగుల దూరంలో పెద్ద బండ చాటున కూర్చున్నాను. ఒప్పందం ఇది: పేలిస్తే గడియారం చూడాలి. జింక నిలబడిన చోటును, అది పరుగెత్తిన దిక్కును గుర్తుపెట్టుకోవాలి. సరిగ్గా అరగంట కదలకూడదు. తొందరపడి వెంటపడితే, తగిలిన జింక కూడా లేచి మైళ్ళు పోతుంది. అరగంట తర్వాత దిగి నా దగ్గరికి రావాలి. నేను ఆమె దగ్గరికి వెళ్ళను.

7.48కి ఒక్క పేలుడు.

పందొమ్మిది సీజన్లలో నాకు అంత పొడుగు అరగంట లేదు. రెండో పేలుడు వినబడలేదు. మంచిదో చెడ్డదో తెలియదు. 8.18కి నిచ్చెన మెట్టు చప్పుడయింది. 8.21కి ఆకుల్లో అడుగులు. మేఘన వచ్చి నా ముందు నిలబడింది. ముఖం తెల్లగా ఉంది, కళ్ళు తడిగా ఉన్నాయి.

"అంకుల్, అది మీ ట్రీ దగ్గర ఆగింది."

నా చేతులకున్న తోలు గ్లవ్స్ వంక చూసుకున్నాను.

"స్మెల్ చేసింది. ఏం కాలేదు. మళ్ళీ నడిచింది."

గుర్తుపెట్టుకున్న చోటికి ఆమే నడిపించింది. ఆకుల మీద ఎర్రటి చుక్కలు. అరవై అడుగులు వేశాం. పడిపోయిన చెట్టు అవతల మగజింక, రెండు వైపులా రెండేసి మొనల కొమ్ములు. ఒక్క దెబ్బకే పోయింది. మేఘన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని దాని మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు ఉంది. ఏడుస్తూనే నవ్వింది. "ఐ యామ్ ఓకే. నేను చేయగలను అంకుల్," అంది. చేసింది కూడా. పొట్ట కోసి శుభ్రం చేసేటప్పుడు నేను మాటతో చెప్పానే గానీ కత్తి ముట్టలేదు.

జింకను వెంట తెచ్చిన పల్చటి ప్లాస్టిక్ పలక మీద కట్టి, నేల మీద లాక్కుంటూ 9.40కి ఇల్లు చేర్చాం. నా మోకాలు మూడుసార్లు విశ్రాంతి అడిగింది. ఇంటి ఫోన్ నుంచి వేట శాఖలో నమోదు చేయించి, వాళ్ళిచ్చిన నంబరు ఆమె చేతే రాయించాను. కొట్టంలో ముగ్గురం కలిసి ముక్కలు చేసి ఐసుపెట్టెలు నింపాం. లొరెట్టాకు ఒక తొడ. కార్జం మాత్రం ఇనప పెనం మీద ఉల్లిపాయలతో వేయించింది లొరెట్టా. మేఘన సంచిలోంచి చిన్న కారం సీసా తీసి చల్లింది. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుని నమిలింది. మేమిద్దరం ఫోర్కులు పట్టుకుని ఎదురుచూస్తున్నాం.

"ఏమంటావు?" అన్నాను.

"అమ్మకి చెప్పండి. మానేయను."

లొరెట్టా ఒక ముక్క తిని, కళ్ళల్లో నీళ్ళు తుడుచుకుంటూ, ఆ కారం సీసా అక్కడే వదిలిపెట్టమంది.

11.55కి సెలవు తీసుకున్నాం. నా గ్లవ్స్ అడిగితే లొరెట్టా ఇవ్వలేదు. "ఇవి నాకు ఉండనీ. వచ్చే ఏడు సరళను ఇంకో జత అల్లమను, ఆరేసేది మాత్రం బయట," అంది. నా చేతులకు వాల్టర్ తోలు గ్లవ్స్ అలాగే ఉన్నాయి. వాటిని ఆవిడ తిరిగి అడగలేదు.

ఎనభై ఒకటి మీద ఎండ బాగా కాస్తోంది. కొండలు గోధుమరంగులో మెరుస్తున్నాయి. 1.50కి అదే విశ్రాంతి స్థలంలో మిగిలిన పులిహోర తిన్నాం. రెండు రోజులకు ఇంకా బాగుంది. తర్వాత మేఘన నడుపుతుంటే, నేను పందొమ్మిది పుస్తకాల సంచీ ఒళ్ళో పెట్టుకున్నాను.

వెళ్ళాలనుకునేవారికి నా సలహాలు చాలావరకు పైన ఉన్నాయి. ఒకటి మిగిలింది. డైరీ రాయండి, కానీ రాసినవాడే చదివితే లాభం లేదు, ఇంకొకరి చేత చదివించండి. మొదటి పుస్తకం తెరిచి మొదటి ఉదయం పేజీలో 'గాలి మారింది' అన్న మాటలు కొట్టేసి, పక్కన 'ఇంగువ' అని రాశాను.

"అంకుల్, పెన్‌తోనా? డైరీలో దిద్దకూడదు అన్నారు!"

"దిద్దడం కాదమ్మా, క్షమాపణ."

ఒక్కొక్కటే తెరుస్తూ పోయాను. ఎనిమిదో దాంట్లో వాల్టర్ అన్న మాట రాసి ఉంది: 'ఈ గాలిని నమ్మకూడదు ప్రాబ్, అన్నాడు.' దాన్ని మాత్రం కొట్టలేదు. 'గాలి, ఛీ' దగ్గర మేఘన స్టీరింగు మీద పడి నవ్వింది, రోడ్డు చూడమన్నాను. పందొమ్మిదో పుస్తకం మూసేసరికి 3.20, షాంటిలీ ఎగ్జిట్ వచ్చింది. అద్దం కొద్దిగా దించి, సీసాలోంచి ఒక్క దూది పోగు వదిలాను. బయటి గాలి దాన్ని మర్యాదగా తీసుకుపోయింది.